ఇరవై దాటితే ఎందుకు అరుస్తుంది? ఈఎఫ్ కోర్ లోపలి కంటైనర్ గొడవ వెనక కథ

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పోయిన వారం పాత గొడవే మళ్లీ రాజుకుంది. చిత్తూరు చుట్టుపక్కల పాల సేకరణ సెంటర్ల లెక్కలు చూసే అప్లికేషన్ వాళ్లది. పొద్దున ఐదున్నరకే పల్లెల్లో పాలు పోయడం మొదలవుతుంది. లీటర్లు, ఫ్యాటు, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు) అప్పటికప్పుడు సర్వర్‌కు చేరితేనే స్లిప్పు బయటికొస్తుంది. ఆ రోజు ఆరున్నరకల్లా సర్వర్ మెమరీ నిండిపోయింది. క్యాన్లు పట్టుకుని జనం సెంటర్ల ముందు నిలబడిపోయారు. పది రోజుల బిల్లు తీసేది కూడా ఆ రోజే కావడంతో ఆఫీసులో ఫోన్లు ఆగలేదు.

నేను ఆ ఆఫీసులో మూడేళ్లు పనిచేశాను. ఈ సంగతి మొదటి నుంచి తెలిసినవాడివి కదా, రేపటికల్లా రాసివ్వమన్నారు.

తప్పు ఎవరిదన్న దగ్గర ఆఫీసు రెండు ముక్కలైంది. సీనియర్ల మాట ఒకటే: తప్పు ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్‌ది (ఈఎఫ్ కోర్, డేటాబేస్‌తో మాట్లాడే పని చేసిపెట్టే మైక్రోసాఫ్ట్ లైబ్రరీ). అప్లికేషన్‌కు ఒక కంటైనర్ (కావాల్సిన సర్వీసులను తయారు చేసి అందించేది) ఉండగా అది లోపల ఇంకోటి పెట్టుకోవడమేమిటి? అన్నీ ఒకే చోట ఉంటే ఈ పీడ ఉండేదే కాదు. కిందటేడు చేరిన అమ్మాయి మాత్రం స్క్రీన్ చూపించి ఒకటే అడిగింది: "అన్నా, ఈ లైన్‌లో 'న్యూ' ఉంది చూడన్నా. రిక్వెస్ట్‌కొకటి మనమే కొత్తది చేసి ఇస్తా ఉంటే దాన్నెందుకు తిడతావు?"

ఇవాళ్టి గొడవ పుట్టింది 2016 మేలో.

అంతకు ముందు, అంటే 2015 నవంబర్‌లో వచ్చిన ఆర్‌సీ 1లో (అసలు విడుదలకు ముందు వచ్చే వెర్షన్), సీనియర్లు ఇప్పుడు కోరుతున్న పద్ధతే ఉండేది. ఈ మాట ఆఫీసులో ఎవరూ ఎత్తలేదు. స్టార్టప్ ఫైల్‌లో యాడ్ ఎంటిటీఫ్రేమ్‌వర్క్, దాని వెనక యాడ్ ఎస్‌క్యూఎల్‌సర్వర్, దాని వెనక యాడ్ డీబీకాంటెక్స్ట్ అని గొలుసుగా రాయాల్సి వచ్చేది. దాంతో ఫ్రేమ్‌వర్క్ సొంత పనిముట్లు, అంటే క్వెరీని ఎస్‌క్యూఎల్‌గా మార్చేది, మోడల్ (క్లాసులకూ టేబుళ్లకూ లంకె చూపే పటం) కట్టేది, మార్పులను గమనించేది, అన్నీ మన అప్లికేషన్ కంటైనర్‌లోకే వచ్చి పడేవి. మన బిల్లింగ్ సర్వీస్ పక్కనే వాళ్ల క్వెరీ కంపైలర్ కూర్చునేది. కాంటెక్స్ట్‌కు (డేటాబేస్‌తో పనిచేయడానికి మనం రాసుకునే క్లాసుకు) ఆప్షన్లు, అంటే సెట్టింగులు, ఎక్కడి నుంచి అందుతున్నాయో కోడ్ చూస్తే తెలిసేది కాదు.

2016 మేలో ఆర్‌సీ 2 ఆ గొలుసును తెంచింది. అప్లికేషన్ వైపు యాడ్ డీబీకాంటెక్స్ట్ ఒక్కటే మిగిలింది. కాంటెక్స్ట్ క్లాసుకు ఆప్షన్లు తీసుకునే కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు నడిచే కోడ్) మనమే రాయాలన్నారు. తెరవెనక ఆప్షన్లను దూర్చే భయపెట్టే మాయను తీసేశామని వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే చెప్పుకున్నారు. ఫ్రేమ్‌వర్క్ తన పనిముట్లకు వేరే సర్వీస్ ప్రొవైడర్, అంటే లోపలి కంటైనర్, కట్టుకుని, దాన్ని దాచుకుని, మళ్లీ మళ్లీ వాడుకోవడం మామూలు పద్ధతైంది. కాదు, మా ప్రొవైడరే వాడాలి అనేవాళ్లకు యూజ్ ఇంటర్నల్‌సర్వీస్‌ప్రొవైడర్ అనే దారి ఉంచారు. ఆ జూన్ 27న 1.0 విడుదలయ్యేసరికి గోడ లేచేసింది.

ఆ గోడ ఎందుకంటే, తిరుమల పోటు గుర్తుకొస్తుంది నాకు. లోపల దిట్టం (ఏ సరుకు ఎంతో చెప్పే పట్టీ) ప్రకారం సరుకులు దిగుతాయి. దిట్టంలో ఏదైనా సవరించినా కౌంటర్ దగ్గర లడ్డూ కోసం నిలబడినవాడు చేయాల్సిందేమీ ఉండదు. ఈఎఫ్ కోర్ లోపలి సర్వీసులకూ ఇలాంటి దిట్టాలున్నాయి. ఒక్కో సర్వీస్‌కు కావాల్సినవన్నీ మూటగట్టి, పేరు చివర డిపెండెన్సీస్ అని తగిలించిన చిన్న క్లాసులవి. కొత్త అవసరం వస్తే కన్‌స్ట్రక్టర్ మారవచ్చు కాబట్టి వీటిని మీరు నేరుగా కట్టొద్దు, కంటైనర్‌నే అందించనివ్వండి అని ఆ క్లాసుల మీదే రాసి ఉంటుంది. ఒరాకిల్‌కో పోస్ట్‌గ్రెస్‌కో ప్రొవైడర్ (ఆ డేటాబేస్‌కు ఈఎఫ్ కోర్‌ను కలిపే ప్యాకేజీ, పైన చెప్పిన సర్వీస్ ప్రొవైడర్ వేరు) రాసేవాళ్లు వెర్షన్ మారినప్పుడల్లా కన్‌స్ట్రక్టర్లు తిరగరాసుకోకుండా బయటపడేది దీనివల్లే. అన్నీ మన కంటైనర్‌లోనే కలిసిపోయి ఉంటే ఇంత స్వేచ్ఛ వాళ్లకు ఉండేది కాదు.

ఇక మన గొడవకు మూలమైన ముక్క. లోపలి ప్రొవైడర్‌ను దాచుకోవాలంటే దానికొక తాళంచెవి కావాలి. ఆ తాళంచెవి మనమిచ్చే ఆప్షన్ల నుంచే తయారవుతుంది. లోపలి సర్వీసుల మీద ప్రభావం చూపే సెట్టింగులన్నీ కలిపి హ్యాష్, అంటే ఒక గుర్తు సంఖ్య, తీస్తారు. ముందు ఇచ్చిన సెట్టింగులే మళ్లీ ఇస్తే పాత ప్రొవైడర్, ఏ ఒక్కటి మారినా కొత్తది. కనెక్షన్ స్ట్రింగ్ ఈ లెక్కలోకి రాదు. అందుకే నూరు సెంటర్లకు నూరు డేటాబేస్‌లున్నా ఒక్క ప్రొవైడర్‌తో బండి నడుస్తుంది. కానీ లెక్కలోకొచ్చే చోట ప్రతిసారీ ఒక కొత్త ఆబ్జెక్ట్ పెట్టామంటే ప్రతిసారీ కొత్త ప్రొవైడర్ పుడుతుంది. దాంతో మోడల్ మళ్లీ మొదటి నుంచి కట్టాలి, క్వెరీలు మళ్లీ కంపైల్ కావాలి. దాచుకున్న పాతవేమో ప్రాసెస్ ఆగేదాకా మెమరీని వదలవు.

2018లో మేం చేసింది సరిగ్గా ఇదే. అప్పుడు ఈఎఫ్ కోర్ 2.1 వాడుతున్నాం. కాంటెక్స్ట్‌కు సెట్టింగులు ఇచ్చే ఆన్ కాన్ఫిగరింగ్‌లో యూజ్ లాగర్‌ఫ్యాక్టరీ అని రాసి, బ్రాకెట్లలో కొత్త లాగర్ ఫ్యాక్టరీ (లాగ్ రాసేవాటిని తయారు చేసేది) కట్టి ఇచ్చాం. ఇరవైకి మించి ప్రొవైడర్లు పుట్టాయని లాగ్‌లో హెచ్చరిక వచ్చేది. లాగ్ ఎవరు చదువుతారు? మెమరీ పెరుగుతోందని మాత్రం కనిపెట్టి, రోజూ రాత్రి రెండింటికి సర్వర్ రీస్టార్ట్ అయ్యేలా టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టేశాం. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

2019 సెప్టెంబర్‌లో 3.0 వచ్చింది. అందులో రెండు మార్పులు మా కథకు సంబంధించినవి. లాగర్ ఫ్యాక్టరీని లోపల సింగిల్‌టన్ (ప్రొవైడర్ మొత్తానికి ఒక్కటే) నుంచి స్కోప్డ్‌కు (కాంటెక్స్ట్‌కొకటి) మార్చారు. ప్రొవైడర్లు కుప్పలుగా పుట్టే కొన్ని సందర్భాలను ఆపడం దానికి చెప్పిన కారణాల్లో ఒకటి. రెండోది, ఇరవై దాటిన హెచ్చరికను ఎర్రర్‌గా మార్చారు, ఎక్సెప్షనే విసురుతుంది (పని అక్కడే ఆగిపోతుంది). కోడ్‌లోని తప్పు కళ్ల ముందుకు రావాలనే అలా చేశామన్నారు. కావాలంటే కాన్ఫిగరేషన్‌లో దాన్ని మళ్లీ హెచ్చరికగా దించుకోవచ్చు, లేదా పూర్తిగా పట్టించుకోవద్దని చెప్పవచ్చు.

ఆ తర్వాత మేం 3.1కు మారగానే మెమరీ సమస్య మాయమైంది. ఎందుకో మేం వెతకలేదు, కొత్త వెర్షన్ బాగుందనుకున్నాం. రాత్రి రెండింటి రీస్టార్ట్ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఇవాళ్టికి వద్దాం. 2024 నవంబర్‌లో డాట్‌నెట్ 6కు (ఈఎఫ్ కోర్ నడిచే మైక్రోసాఫ్ట్ వేదిక) సపోర్ట్ ముగియడంతో ఆఫీసు ఈమధ్యే 8కు మారింది. ఈఎఫ్ 7లో వచ్చిన మెటీరియలైజేషన్ ఇంటర్‌సెప్టర్ సీనియర్లకు నచ్చింది. డేటాబేస్ నుంచి వచ్చిన వరుస ఆబ్జెక్ట్‌గా మారే క్షణంలో అది మధ్యలో దూరి పని చేస్తుంది. ఆ సెంటర్ ఫ్యాటు రేటు చార్టును అక్కడే అంటించేద్దామనుకున్నారు. అందుకని సెంటర్ నంబర్‌ను కన్‌స్ట్రక్టర్‌లో ఇచ్చి, రిక్వెస్ట్‌కొక కొత్త ఇంటర్‌సెప్టర్ కట్టారు. ఈ రకం ఇంటర్‌సెప్టర్ సింగిల్‌టన్ రకం. అంటే తాళంచెవి లెక్కలోకి వచ్చేది. డెవలపర్ మెషీన్ మీదే ఇరవై దాటగానే ఎక్సెప్షన్ పడింది. దాన్ని పట్టించుకోవద్దని ఒక లైన్ చేర్చి లైవ్‌కు పంపేశారు. ఆ లైన్ పైన "తాత్కాలికం" అని కామెంట్ కూడా ఉంది. ఎవరు రాశారో నేను చెప్పను, గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రలో) ఉంది.

సీనియర్ల బాధ ఉత్తది కాదు. లోపలి సర్వీస్‌ను మన క్లాసుతో మార్చుకుంటే, దాని కన్‌స్ట్రక్టర్‌లోకి మన అప్లికేషన్ సర్వీస్ నేరుగా రాదు. లోపలి ప్రొవైడర్‌కు అది తెలియదు. కాంటెక్స్ట్ ద్వారా చుట్టు తిరిగి అడగాలి. ఈ సంగతి తెలియక రెండు రోజులు తల పట్టుకున్నవాళ్లు చాలామంది. కోడ్ చూస్తే కనపడని తాళంచెవి అంటే ఎవరికైనా చిరాకే.

అయితే వాళ్లు అడుగుతున్న మందు రోగం కన్నా పెద్దది. అన్నీ ఒకే కంటైనర్‌లో పెట్టాలని యూజ్ ఇంటర్నల్‌సర్వీస్‌ప్రొవైడర్ వాడితే ఎస్‌క్యూఎల్ సర్వర్ సర్వీసులన్నీ మన చేత్తోనే రిజిస్టర్ చేయాలి. అప్పుడు లోపలి సర్వీస్‌ను మార్చుకునే రీప్లేస్ సర్వీస్ పనిచేయదు, ఎక్సెప్షన్ ఇస్తుంది. వాళ్ల అప్లికేషన్‌లో ఒక్కో సెంటర్‌కు ఒక్కో స్కీమా (డేటాబేస్‌లో టేబుళ్ల గుంపు) ఉండటంతో మోడల్ క్యాష్ కీ ఫ్యాక్టరీని (మోడల్‌ను దాచే తాళంచెవి తయారు చేసేదాన్ని) మార్చుకున్నది ఆ రీప్లేస్ సర్వీస్‌తోనే. దాన్నంతా కదిలించాల్సి వస్తుంది.

ఆ అమ్మాయి చేసిన మార్పు పదకొండు లైన్లు. ఇంటర్‌సెప్టర్‌ను ఒకే ఒక్క స్టాటిక్ ఆబ్జెక్ట్ చేసింది. సెంటర్ నంబర్‌ను కన్‌స్ట్రక్టర్ నుంచి తీసేసి, ఇంటర్‌సెప్టర్‌కు ప్రతిసారీ అందే డేటాలోని కాంటెక్స్ట్ నుంచి తీసుకుంది. "తాత్కాలికం" లైన్‌నూ కొట్టేసింది. టెస్ట్ సర్వర్ మీద పాల వేళ లోడ్ ఇచ్చి చూస్తే మెమరీ కదల్లేదు.

మెమరీ సంగతికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ లైన్ కొట్టేయడానికే ఒప్పుకోవడం లేదు. రేపు ఇంకెక్కడైనా ఇరవై దాటితే లైవ్‌లోనే ఎక్సెప్షన్ పడుతుందని సీనియర్ల టెన్షన్. పడాలనే కదా అంటోంది ఆమె. ఇది రాసేటప్పటికి పుల్ రిక్వెస్ట్ (ఆ మార్పును కోడ్‌లో కలపమనే అభ్యర్థన) ఇంకా తెరిచే ఉంది. ఈలోగా రాత్రి రెండింటి రీస్టార్ట్‌కు తోడు పొద్దున ఐదింటికి ఇంకోటి పెట్టారు.