కోర్లు పెరిగాయి సరే, క్యూలు ఎన్ని ఉండాలి?

128 కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పని చేసే భాగాల) సర్వర్‌లో నెట్‌వర్క్ ప్యాకెట్లు డ్రాప్ అవుతున్నాయని ఫిర్యాదు వస్తే, నల్గొండ, మహబూబ్‌నగర్ ఐటీ టవర్లలో సర్వర్లు చూసుకునే ఇంజినీర్లు ముందుగా చూడవలసింది కార్డు వేగం కాదు, కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్ ప్యాకెట్లకు ఎన్ని క్యూలు (వరుసలు) తెరిచిందన్నది.

నెట్‌వర్క్ కార్డుకు ఒకే క్యూ, ప్యాకెట్ వచ్చిందని ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం (ఇంటరప్ట్) కూడా ఒకటే ఉన్న రోజుల్లో వచ్చిన ప్యాకెట్లన్నీ ఒకే కోర్ మీద పడేవి. హమాలీలు ఎందరున్నా కాంటా ఒక్కటే అయినప్పుడు ధాన్యం కొనుగోలు కేంద్రం ముందు ట్రాక్టర్లు బారులు తీరినట్టే ఉండేది. లినక్స్‌లో వచ్చిన, ఒక్క పిలుపుతో ప్యాకెట్లను గుంపుగా తీసుకునే నాపి పద్ధతి ఇంటరప్ట్‌ల తాకిడిని తగ్గించింది గానీ పనిని కోర్లకు పంచలేదు. 10 గిగాబిట్ లైన్ మీద అతి చిన్న ప్యాకెట్లు సెకనుకు 1.48 కోట్లకు పైగా రావచ్చు, అంటే ఒక్కోదానికి దక్కేది దాదాపు 67 నానోసెకన్లే కనుక, ఒక్క కోర్‌తో ఆ పని సాగదు.

అందుకే కార్డే చిరునామాలను, పోర్టు సంఖ్యలను బట్టి హాష్ లెక్కించి, ఒక కనెక్షన్ ప్యాకెట్లన్నిటినీ ఒకే క్యూలో వేసే ఆర్‌ఎస్‌ఎస్ వచ్చింది. ఒక కార్డు అనేక ఇంటరప్ట్‌లు పంపేందుకు వీలిచ్చే ఎంఎస్‌ఐ-ఎక్స్ వల్ల ప్రతి క్యూకూ సొంత ఇంటరప్ట్ దక్కింది. పంపే వైపు అనేక క్యూలకు 2008లో లినక్స్ 2.6.27 దారి వేసింది. ఒకే క్యూ ఉన్న కార్డుల కోసం ఆ పంపకాన్ని సాఫ్ట్‌వేర్‌లోనే చేసేలా గూగుల్ ఇంజినీర్ టామ్ హెర్బర్ట్ రాసిన ఆర్‌పీఎస్ 2010లో లినక్స్ 2.6.35లో చేరింది.

కోర్‌కు ఒక క్యూ అన్న లెక్క అప్పట్లో సహజంగానే తోచింది, కానీ కోర్లు పెరిగేకొద్దీ అదే భారమైంది. 128 క్యూలు, ఒక్కోదానిలో 1024 స్థానాలు, స్థానానికి 4 కేబీ పేజీ అనుకుంటే, ఒక్క పోర్టు స్వీకరణకే 512 ఎంబీ మెమరీ పోతుంది. పైగా ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ తరహా) కోర్‌కు ఉండే 256 ఇంటరప్ట్ వెక్టర్లలో, అంటే ఇంటరప్ట్‌లను గుర్తించే సంఖ్యల్లో, మొదటి 32 ప్రాసెసర్‌కే కేటాయించి ఉంటాయి. కొన్ని కోర్లను ఆఫ్‌లైన్ చేసినప్పుడు వాటి ఇంటరప్ట్‌లు మిగిలినవాటి మీదికి చేరి, వెక్టర్లు చాలకుండా పోయే ప్రమాదం ఉంది.

ఈ ఇబ్బందుల మధ్య 2012లో లినక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్, డ్రైవర్లకు డిఫాల్ట్‌గా 8 క్యూల పరిమితిని సూచించింది. పెద్ద సర్వర్లకు అది మరీ తక్కువై, 2022లో లినక్స్ 5.18లో భౌతిక కోర్లలో సగానికి మార్చారు. అయితే ఈ సూచనను అన్ని డ్రైవర్లూ పాటించవు. పాత కెర్నెల్ సర్వర్‌లో కోర్‌కు ఒక నిలువు వరుస చొప్పున ఇంటరప్ట్‌లను లెక్కించే ప్రాక్ ఇంటరప్ట్స్ ఫైలు తెరిచి ఆ కార్డు లెక్కలు చూస్తే, ఎనిమిది నిలువు వరుసల్లోనే అంకెలు పరుగెత్తుతూ, మిగతావన్నీ సున్నా దగ్గరే నిలిచిపోవడానికి కారణం తరచుగా ఇదే.

నా దృష్టిలో సగం అన్నది మంచి ఆరంభమే తప్ప తుది నిర్ణయం కాదు. కార్డు ఏ న్యూమా నోడ్‌కు (కొన్ని కోర్లు, వాటికి దగ్గరి మెమరీ కలిసిన గుంపుకు) తగిలి ఉందో చూసి, ఆ నోడ్ కోర్ల మీదనే ఇంటరప్ట్‌లు ఉండేలా క్యూల సంఖ్యను ఎంచుకోవాలి. కార్డు అమరికలు మార్చే ఈథ్‌టూల్ కమాండ్‌తో ఆ సంఖ్య మార్చినప్పుడు చాలా డ్రైవర్లు లింకును కాసేపు ఆపి మళ్లీ తెస్తాయి కాబట్టి, రద్దీ లేని వేళలోనే ఆ పని పెట్టుకోవాలి.