తాత మాట తడబడితే తెల్లారేదాకా ఆగకండి

అనంతపురం

నా బంగారు మనవళ్లకూ మనవరాళ్లకూ,

దసరా సెలవులకు వస్తున్నారు. చేలల్లో తిరుగుతారు, తుమ్మముళ్లు గుచ్చుకుంటాయి. నర్సుగా పనిచేసినదాన్ని కనుక సెప్సిస్ గురించి మీకు ముందే చెప్పాలనిపించింది.

ఒంట్లోకి సూక్ష్మజీవులు చొరబడితే శరీరం వాటితో పోరాడుతుంది. చాలాసార్లు అంతటితో తగ్గిపోతుంది. సెప్సిస్‌లో ఆ పోరాటమే అదుపు తప్పుతుంది, గట్టు మీది కంపకు పెట్టిన నిప్పు గడ్డివామికి అంటుకున్నట్టు. రక్తపోటు పడిపోయి మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, మెదడు దెబ్బతింటాయి. 2017లో ప్రపంచమంతటా సుమారు 1.1 కోట్ల మరణాలకు దీనితో సంబంధం ఉందని అంచనా.

పుండే కారణం కానక్కర్లేదు. న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, కడుపులో చీము, ఏదైనా కావచ్చు. పసిపిల్లలకు, బాలింతలకు, ముసలివారికి, షుగరు ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

జ్వరం ఉండి తీరాలని లేదు. పెద్ద వయసువారికి ఒళ్లు చల్లబడవచ్చు కూడా. ఉన్నట్టుండి మగత, పొంతన లేని మాటలు, గబగబా ఊపిరి, మూత్రం బాగా తగ్గడం, చర్మం మచ్చలుగా కమలడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు. తాత పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది మీరే. ఆయన మాటలో తేడా మీకే ముందు తెలుస్తుంది. 'వయసు మీద పడింది కదా' అని ఎవరైనా కొట్టిపారేసినా మీరు ఊరుకోవద్దు. 108కి ఫోను చేయించండి. 'ఇది సెప్సిస్ కావచ్చా?' అని డాక్టరుగారిని అడగమనండి.

ఆసుపత్రిలో రక్తం పరీక్షకు తీసి, నరం ద్వారా యాంటీబయాటిక్, సెలైన్ ఎక్కిస్తారు. రక్తపోటు పడిపోయి షాక్‌లోకి వెళ్తున్న రోగికి మొదటి గంటలోపే యాంటీబయాటిక్ పడాలి. సెలైన్‌తో రక్తపోటు లేవకపోతే దాన్ని పెంచే నార్‌అడ్రినలిన్ అనే మందు ఇస్తారు. చీము ఉంటే తీసేయాల్సిందే. అది లోపలే ఉంటే ఎంత మంచి మందైనా పూర్తిగా పనిచేయదు. ఇంట్లో మిగిలిన మాత్రలు వేసుకుని చూద్దామనుకోవడం నాకు అస్సలు నచ్చని పని. అందులో విలువైన గంటలు పోతాయి.

గాయమైతే సున్నం, కాఫీపొడి అద్దకుండా సబ్బుతో, శుభ్రమైన నీళ్లతో కడగండి. ధనుర్వాతం టీకా సంగతి అమ్మను అడగండి.

కోలుకుని ఇంటికి వచ్చినవారికి నెలల తరబడి నీరసం, మతిమరుపు ఉండవచ్చు. వారిని బద్ధకమని విసుక్కోకండి.

మీ నాన్నకు షుగరు ఉంది కదా, పాదాలకు పుండ్లేమైనా పడ్డాయేమో రోజూ రాత్రి చూసుకుంటున్నాడో లేదో కనుక్కుని నాకు రాయండి.

మీ అవ్వ