డెబిట్ కార్డుతో ఆటో డెబిట్: కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

బ్యాంకులో కార్డుల పని చూస్తుంటాను. నెల మొదటి వారం వచ్చిందంటే చాలు, ఫోన్ చేతికిచ్చి "సార్, నేనేమీ కొనలేదు, డబ్బులు మాత్రం కట్ అయ్యాయి" అనేవాళ్లు రోజూ ఒకరిద్దరైనా ఉంటారు. చాలాసార్లు అది మోసం కాదు. ఎప్పుడో వాళ్లే ఓటీపీ కొట్టి ఇచ్చిన మాండేట్, అంటే ఫలానా కంపెనీ గడువు వచ్చినప్పుడల్లా డబ్బు కట్ చేసుకోవచ్చని ముందుగానే ఇచ్చే అనుమతి.

అపోహ: యాప్ డిలీట్ చేస్తే కట్ అవడం ఆగిపోతుంది.

జనం డబ్బు ఎక్కువగా పోయేది ఈ ఒక్క నమ్మకం వల్లే, అందుకే ముందు దీని సంగతి. మొన్న ఒకావిడ వచ్చారు. పిల్లాడి కోసం ట్యూషన్ యాప్ ట్రయల్‌కని 1 రూపాయి కట్టారు, వాడికి నచ్చలేదు, అదే వారం యాప్ తీసేశారు. ఆ తర్వాత ఐదు నెలలుగా నెలకు 499 పోతూనే ఉంది, పాస్‌బుక్ ప్రింట్ వేయించుకునేదాకా ఆవిడకు తెలియలేదు. "మెసేజ్‌లు ఒకసారి తెరవండమ్మా" అన్నాను. లోన్ ఆఫర్ల మధ్య, రీఛార్జ్ ఆఫర్ల మధ్య ఐదు మెసేజ్‌లూ ఉన్నాయి, ఒక్కటీ తెరవలేదు. ఎవరికి, ఎంత, ఏ తేదీన కట్ అవుతుందో ప్రతిదాంట్లో ఉంది, వద్దనుకుంటే ఆపడానికి లింకూ ఉంది.

యాప్ ఉండేది మీ ఫోన్లో, మాండేట్ ఉండేది బ్యాంకు సిస్టమ్‌లో. ఒకటి తీసేస్తే రెండోది పోదు. రెండు చోట్లా ఆపాలి: కంపెనీ అకౌంట్లోకి వెళ్లి సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయాలి, బ్యాంకు యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో కార్డు మాండేట్ల జాబితా తెరిచి అక్కడా రద్దు చేయాలి. బ్యాంకులో మాత్రమే ఆపితే, నెలాఖరున బిల్లు వేసే సర్వీసులైతే మీ పేరిట బకాయి చూపిస్తాయి.

అపోహ: చెప్పాపెట్టకుండా లాగేసుకుంటారు.

కార్డు మాండేట్‌లో అలా కుదరదు. 2021 అక్టోబరు నుంచి గట్టిగా అమలవుతున్న ఆర్‌బీఐ నిబంధన ప్రకారం డబ్బు కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు మీకు కబురు రావాలి. ఫాస్టాగ్ ఆటో రీఛార్జ్ లాంటి వాటికి మాత్రం మినహాయింపు ఉంది. మొదట రిజిస్టర్ చేసేటప్పుడు ఓటీపీ తప్పనిసరి. తర్వాత 15,000 రూపాయల వరకు ప్రతిసారీ ఓటీపీ అడగరు, ఆ పైన అడుగుతారు. ఈ పరిమితి 2019లో 2,000 ఉండేది, 2021 జనవరిలో 5,000 అయింది, 2022 జూన్‌లో 15,000 చేశారు. ఇన్సూరెన్స్ ప్రీమియం, మ్యూచువల్ ఫండ్లు, క్రెడిట్ కార్డు బిల్లులకైతే 2023 డిసెంబరు నుంచి లక్ష దాకా.

కాబట్టి మీ మొబైల్ నంబరు బ్యాంకులో సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. పాత నంబరుకు మెసేజ్‌లు పోతుంటే ఆ 24 గంటలు ఉన్నా లేనట్టే.

అపోహ: స్క్రీన్ మీద 15,000 అని ఉంది, నెలనెలా అంతా పోతుంది.

199 ప్లాన్ తీసుకుంటే గరిష్ఠం 15,000 అని కనబడేసరికి టెన్షన్ పడి వెనక్కి వచ్చేస్తారు. అది పైకప్పు మాత్రమే, కట్ అయ్యేది మీ ప్లాన్ మొత్తమే. అయినా ఆ టెన్షన్ మంచిదే అంటాను. మార్చుకునే వీలుంటే అక్కడ అంత పెద్ద అంకె ఉంచకండి, 300 పెట్టుకోండి. రేపు రేటు పెంచినా మిమ్మల్ని అడగకుండా 300 దాటి తీయలేరు.

అపోహ: డెబిట్ కార్డుతో కాదు, క్రెడిట్ కార్డు ఉండాల్సిందే.

నిబంధన రెండింటికీ ఒకటే. డెబిట్ కార్డు పని చేయలేదంటే చాలాసార్లు కారణం ఆన్‌లైన్ వాడకం ఆఫ్‌లో ఉండటమే, 2020 మార్చి నుంచి కొత్త కార్డులు అలాగే వస్తున్నాయి. యాప్‌లో ఆన్ చేయండి. విదేశీ కంపెనీ అయితే ఇంటర్నేషనల్ కూడా. ఈ సదుపాయానికి మీ దగ్గర ఛార్జీ వసూలు చేయకూడదు.

అపోహ: కార్డు బ్లాక్ చేస్తే ఈఎంఐ కూడా ఆగుతుంది.

ఇది ప్రమాదకరమైన అపోహ. లోన్ తీసుకునేటప్పుడు డెబిట్ కార్డు నంబరు, ఓటీపీ కొట్టించుకుంటారు కదా, అది చాలాసార్లు కార్డు మాండేట్ కాదు, ఈ-నాచ్ అనే బ్యాంకు ఖాతా మాండేట్. అక్కడ కార్డు పని మీరే ఖాతాదారు అని రుజువు చేయడం వరకే, డబ్బు తీసేది నేరుగా ఖాతా నుంచి. కార్డు పోయినా, మారినా అది కదలదు. ఓ ఆటో డ్రైవర్ కార్డు బ్లాక్ చేయించి, ఇక ఈ నెల ఈఎంఐ కట్ కాదులే అనుకుని ఖాతా ఖాళీ చేసుకున్నాడు. బ్యాంకు బౌన్స్ ఛార్జీ ఒకటి, లోన్ కంపెనీ పెనాల్టీ ఇంకొకటి పడ్డాయి, పైగా క్రెడిట్ స్కోరూ తగ్గింది. డబ్బు లేక ఇలా బౌన్స్ అయితే చెల్లింపుల చట్టం 2007లోని 25వ సెక్షన్ కింద చెక్ బౌన్స్‌లాగే కేసు కూడా వేయొచ్చు. ఇబ్బంది ఉంటే గడువుకు ముందే లోన్ కంపెనీతో మాట్లాడండి.

అదే అసలైన కార్డు మాండేట్ అయితే కొత్త కార్డు వచ్చాక చాలాచోట్ల మళ్లీ రిజిస్టర్ చేయాల్సి వస్తుంది. ఇన్సూరెన్స్ ప్రీమియం దానికే ముడిపెట్టి ఉంటే వెంటనే చూసుకోండి, పాలసీ ల్యాప్స్ అయ్యాక తెలిసి పరుగెత్తుకొచ్చినవాళ్లను చూశాను.

ఇంకోటి. రద్దు చేయడానికి కూడా ఓటీపీ వస్తుంది, కానీ దాన్ని బ్యాంకు పేజీలో మీరే కొట్టాలి. ఇంటర్నెట్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు మీరు ఫోన్ చేసినప్పుడు అవతలివాళ్లు "మేం ఆపేస్తాం, ఓటీపీ చెప్పండి" అంటే చెప్పేశారో, ఖాతా మొత్తం పోతుంది. రద్దు చేశాక కూడా కట్ అయితే స్క్రీన్‌షాట్ పెట్టి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు, వివరాలకు 14448.

ఆ ట్యూషన్ యాప్ వాళ్లకు ఆవిడ చేత అక్కడే మెయిల్ పెట్టించాను. చివరి నెల 499 వెనక్కి వచ్చింది. మిగతా నాలుగు నెలలవి రాలేదు.