కత్తి పదును ఎక్కడికి పోతుంది?

వేసవిలో ఆవకాయ కాయలు కొట్టే బరువైన కత్తినీ, రోజూ ఉల్లిపాయలు తరిగే చాకునూ ఒకే తీరులో సాన పట్టిస్తే రెంటిలో ఒకటి పాడవడం ఖాయం. కాయ కొట్టే కత్తి టెంకను చీల్చుకుని దిగాలి. దాని అంచు మరీ పల్చగా ఉంటే నాలుగు దెబ్బలకే పెచ్చులు లేస్తుంది. చాకుకు అంత మందపాటి అంచు పెడితే ఉల్లిపాయ తెగదు, నలుగుతుంది. అందుకే ఇంటికి ఏ షార్పెనర్ కొనాలని అడిగేవాళ్లను నేను ముందు ఒకటే అడుగుతాను: మీ కత్తి దేన్ని కోసి మొద్దుబారింది?

కత్తి అంచు అంటే రెండు ఏటవాలు తలాలు కలిసే గీత. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను). బాగా పదునైన చాకు అంచు మందం ఒక మైక్రానుకు అటూ ఇటూగా ఉంటుంది. చేతి బలమంతా ఆ కాస్త చోటు మీదే పడుతుంది కాబట్టి అక్కడ ఒత్తిడి విపరీతంగా పెరిగి టమాటా తొక్క చీలుతుంది. అంచు మందమెక్కితే అదే తొక్క చీల్చడానికి చెయ్యి గట్టిగా నొక్కాలి. నొక్కిన చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. వంటింట్లో వేలు తెగిన సందర్భాల్లో మొద్దు కత్తి పాత్ర చాలా ఉంటుందని చెప్పేది ఇందుకే. ఉల్లిపాయ కన్నీళ్లూ ఈ లెక్కలోవే. మొద్దు చాకుతో కోస్తే పాయలోంచి తుంపరలు ఎక్కువగా, ఎక్కువ వేగంతో చిమ్ముతాయని 2025లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు హైస్పీడ్ కెమెరాతో చూసి చెప్పారు.

నిలువుగా నొక్కడం కన్నా లాగుతూ కోస్తే తేలిగ్గా తెగడం మనకందరికీ అనుభవమే. హార్వర్డ్‌లో ఎల్. మహదేవన్ బృందం 2012లో మెత్తటి జెల్‌ను సన్నని తీగతో కోసి దీని వెనక ఉన్న భౌతికశాస్త్రాన్ని వివరించింది. పక్కకు లాగినప్పుడు పదార్థంలో పుట్టే కోత ఒత్తిడి (పొరలను ఒకదాని మీద ఒకటి జార్చే ఒత్తిడి, ఇంగ్లిష్‌లో షియర్) వల్ల, చాలా తక్కువ నొక్కుతోనే చీలిక మొదలవుతుంది. మన కత్తిపీట పనిచేసేది ఈ సూత్రం మీదే. బ్లేడు కదలదు, కూరగాయ కదులుతుంది. బ్లేడుకు వంపు ఉండటంతో, తిన్నగా తోసినా ముక్క అంచు వెంట జారుతూ తెగుతుంది. కత్తిపీట చేసిన కమ్మరికి ఆ వంపు ఎంత ఉండాలో చేత్తో తెలుసు.

ఇక అసలు విషయానికొస్తే, పదును పోవడం ఒక్క రకంగా జరగదు.

మొదటిది, అంచు మడత పడటం. మార్కెట్లో దొరికే మామూలు స్టెయిన్‌లెస్ చాకుల ఉక్కు కాస్త మెత్తన, లోహం గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ సి కొలతలో 52 నుంచి 58 దాకా ఉంటుంది. పుస్తకంలో కాగితం మూల మడత పడినట్టు వీటి అంచు ఒక పక్కకు వాలిపోతుంది. లోహం ఎక్కడికీ పోలేదు, పక్కకు తిరిగిందంతే. ఇలాంటప్పుడు రాయి మీద నూరక్కర్లేదు. హోనింగ్ రాడ్ అని అమ్మే పొడవాటి ఉక్కు కడ్డీ మీద అటూ ఇటూ నాలుగైదు సార్లు తేలిగ్గా జార్చితే అంచు మళ్లీ నిలబడుతుంది. జపాన్ తరహా చాకులు 60 దాటిన గట్టి ఉక్కుతో వస్తాయి. అవి మడత పడవు, పెళుసుగా విరుగుతాయి. వాటికి ఆ కడ్డీ వాడకపోవడమే మంచిది.

రెండోది అరుగుదల. డెల్టాలో దీని కథే వేరు. గోదావరి ఒండ్రుతో పాటు ఇసుక కూడా తెస్తుంది. లంక భూముల్లో పండిన కంద మీద, తోటకూర కట్ట మొదళ్లలో సన్నని ఇసుక రేణువులు అంటుకునే ఉంటాయి. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్ అనే ఖనిజం. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో అది 7, చాకు ఉక్కు కన్నా గట్టిది. కడగకుండా కందగడ్డను కోస్తే చాకును ఇసుక మీద రాసినట్టే. తరిగాక కడగడం కాదు, కడిగాక తరగాలి. గ్రానైట్ గట్టు మీద పెట్టి కోయడం కూడా ఇలాంటిదే, ఎందుకంటే గ్రానైట్‌లోనూ క్వార్ట్జ్ ఉంటుంది. చెక్క పలక వాడితే చాకు పదును ఎక్కువ కాలం నిలుస్తుంది.

మూడోది పెచ్చులూడటం. ఎముక, టెంక, కొబ్బరి చిప్ప తగిలితే ఊడుతుందని తెలిసిందే. అయితే తనకంటే ఎంతో మెత్తటి వస్తువు వల్ల కూడా ఉక్కు చిట్లుతుంది. గడ్డం గీసుకునే బ్లేడును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూసిన ఎంఐటీ పరిశోధకులు, ఉక్కు కన్నా దాదాపు 50 రెట్లు మెత్తనైన వెంట్రుక కూడా, పక్కకు వంగి ఒక కోణంలో తగిలినప్పుడు అంచును పెచ్చు లేపుతుందని 2020లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. అంచులో ఉక్కు అన్నిచోట్లా ఒకేలా లేకపోవడమే కారణం. చేప పొలుసు చాకు అంచుతో గీకొద్దని నేను చెప్పడానికి ఇదో ఆధారం. పొలుసులో కాల్షియం ఫాస్ఫేట్ ఉంటుంది, అది వెంట్రుక కన్నా చాలా గట్టిది. పొలుసు తీయడానికి చాకు వెన్ను చాలు.

నాలుగోది తుప్పు. మన తేమగాలిలో చాలామంది పట్టించుకోనిది ఇదే. బ్లేడు మధ్యలో కాస్త తుప్పు పట్టినా పని ఆగదు. కానీ ఒక మైక్రాను మందం ఉన్న అంచును అంతే తుప్పు పూర్తిగా తినేస్తుంది. పచ్చిమామిడిలో, చింతపండులో ఉన్న ఆమ్లాలు ఆ పని తొందర చేస్తాయి. రావులపాలెం మార్కెట్ నుంచి తెచ్చిన అరటికాయ ఇనప కత్తిపీట మీద తరిగితే బ్లేడూ ముక్కలూ నల్లబడతాయి. కాయకు వగరునిచ్చే టానిన్లు ఇనుముతో కలిసి ఏర్పడే నలుపు అది. కరక్కాయతో సిరా చేసుకున్న రోజుల్లో కాగితం మీద రాసినదీ ఆ రసాయన చర్యతోనే. స్టెయిన్‌లెస్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండి, పైన ఆక్సైడ్ పొర కట్టి కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరకు చిల్లులు పెడుతుంది. ఎండుచేపలు కోసిన చాకును తడిగా సింకులో వదిలేస్తే తెల్లారేసరికి సన్నని గుంటలు పడతాయి. అంతర్వేది, యానాం వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

అరుగుదలకూ, పెచ్చులకూ, తుప్పుకూ మందు ఒక్కటే. పాడైన లోహాన్ని తీసేసి కింద ఉన్న కొత్త ఉక్కుతో అంచు కట్టాలి. దానికి ఉక్కు కన్నా గట్టి వస్తువు కావాలి. హార్డ్‌వేర్ షాపులో కార్బొరండం రాయి అని అమ్మేది సిలికాన్ కార్బైడ్. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ మరేదో చేయబోతే ఇది తయారైంది. వంటింటికి నేను చెప్పేది రెండు ముఖాల రాయి, ఒక పక్క 400, రెండో పక్క 1000 నంబరు. నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు. డైమండ్ ప్లేటు కూడా మంచిదే, ఏళ్ల తరబడి వాడినా గుంట పడదు, ఖరీదు మాత్రం ఎక్కువ.

ఆన్‌లైన్లో బాగా అమ్ముడుపోయేది చాకును సందులో పెట్టి లాగే షార్పెనర్. దాని మొదటి సందులో టంగ్‌స్టన్ కార్బైడ్ పళ్లు రెండు ఇంగ్లిష్ ‘వి’ ఆకారంలో ఉంటాయి. అవి నూరవు, లోహాన్ని చెక్కేస్తాయి. కోణం దాని ఇష్టమే, మన చేతిలో లేదు. చవక స్టెయిన్‌లెస్ చాకుకు, తీరిక లేని ఇంటికి పర్వాలేదు. మంచి చాకును దాంట్లో పెట్టనివ్వను. కత్తిపీట ఎలాగూ అందులో పట్టదు.

రాయి మీద నూరేటప్పుడు భయపెట్టేది కోణం. కూరగాయల చాకుకు ఒక్కో పక్కకు 15 నుంచి 20 డిగ్రీలు, కాయ కొట్టే కత్తికి 25 నుంచి 30 ఉంచండి. కొలవడానికి పరికరం అక్కర్లేదు. 4 సెంటీమీటర్ల వెడల్పున్న చాకును రాయి మీద ఆనించి వెన్నును ఒక సెంటీమీటరు ఎత్తితే 15 డిగ్రీలు, దాదాపు 1.4 ఎత్తితే 20. నూరే ముందు అంచు పొడవునా మార్కర్ పెన్నుతో రంగు పూయండి. నాలుగు రాపిళ్ల తర్వాత చూస్తే రంగు ఎక్కడ పోయిందో తెలుస్తుంది. అంచు దగ్గర రంగు మిగిలితే వెన్ను బాగా దించేశారని, అంచు దగ్గర మాత్రమే పోతే బాగా ఎత్తేశారని అర్థం.

రాయిని తడిపి, కింద తడిగుడ్డ వేసి కదలకుండా చేయండి. ముందు గరుకు వైపు, ఒక పక్కనే నూరండి. కాసేపటికి ఎదుటి పక్కన అంచు పొడవునా కంటికి ఆనని సన్నని పొర లేస్తుంది. బొటనవేలిని వెన్ను నుంచి అంచు వైపు అడ్డంగా, ఎంతో తేలిగ్గా జారిస్తే గోరుకు తట్టుతుంది. అంచు వెంట పొడవుగా మాత్రం వేలు ఎన్నడూ పోనివ్వకండి. ఆ పొర లేచిందంటే రెండు తలాలు నిజంగా కలిశాయన్నమాట. చాలామంది ఇది రాకముందే ఆపేసి రాయి మంచిది కాదంటారు. పొర మొన నుంచి మడమ (పిడి దగ్గరి చివర) దాకా తగిలాక రెండో పక్క నూరి, తర్వాత నునుపు వైపు మారి, ఒత్తిడి తగ్గిస్తూ పక్కలు మార్చి మార్చి జార్చండి. చివర్లో మడిచిన దినపత్రిక మీద వెన్ను ముందుగా పోయేలా లాగితే మిగిలిన పొర ఊడిపోతుంది. పండిన టమాటా మీద చాకును దాని బరువుతోనే లాగి చూడండి. తొక్క చీలితే పదును వచ్చినట్టే.

రాయి లేనప్పుడు ఆవకాయ జాడీని బోర్లించండి. అడుగున మెరుగు పూయని గరుకు అంచు ఉంటుంది. కాల్చిన ఆ మట్టి ఉక్కు కన్నా గట్టిది, అత్యవసరానికి చాకును దాని మీద నూరుకోవచ్చు. కత్తిపీటకు మాత్రం రాయే బ్లేడు దగ్గరికి రావాలి. లోపలి వంపులో బల్లపరుపు రాయి ఆనదు కాబట్టి గుండ్రటి ఆకురాయో, కొడవళ్లకు వాడే కోల రాయో తీసుకుని, వేళ్లు దాని వెనకే ఉంచి, వెన్ను నుంచి అంచు బయటికి జార్చాలి.

సైకిల్ మీద సాన చక్రం తెచ్చేవాళ్ల పనితనం మీద నాకు గౌరవం ఉంది. కత్తి చూడగానే ఎంత కోణం పెట్టాలో చెప్పేవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఒక్క మాట అడగండి చాలు: మధ్యమధ్య నీళ్లలో ముంచమని. పొడి చక్రం మీద పల్చటి అంచు క్షణాల్లో కాలిపోతుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉక్కు మీద నీలి రంగు కనిపిస్తుంది. వంటింటి చాకులకు ఫ్యాక్టరీలో గట్టిదనం సరిచేసేటప్పుడు మామూలుగా ఇచ్చే వేడి అంతకంటే తక్కువ. అది దాటితే అంచు మెత్తబడి, ఎంత నూరినా పదును నిలవదు. నీలి మచ్చ కనిపిస్తే ఆ మేర లోహాన్ని రాయి మీద నెమ్మదిగా తీసేయడం తప్ప దారి లేదు.

ఇనప కత్తిపీటను కడిగి, ఆరబెట్టి, చివర్లో పల్చగా కొబ్బరినూనె రాయండి. దాని కొవ్వులో దాదాపు 90 శాతం సంతృప్తమైనది కాబట్టి తొందరగా ముక్కదు, తేమను అంచు దాకా రానివ్వదు. ఆవకాయ రోజుల్లో అయితే పని పూర్తయ్యేదాకా ఆగకండి, బుట్ట బుట్టకీ మధ్య ఒకసారి తుడుస్తూ ఉండండి.