నల్లబడిన కాగితం ఎవరి పేరు చెబుతోంది?

రైసు మిల్లుల్లో, గోదాముల్లో ధాన్యం బస్తాల దగ్గర పెట్టే బూడిద రంగు బిళ్లలు మనలో చాలామందికి తెలిసినవే. వాటిలో ఉండేది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే వాయువు బయటికి వస్తుంది. 3 గ్రాముల బిళ్ల నుంచి దాదాపు 1 గ్రాము వాయువు. అది బస్తా లోపలిదాకా చొరబడి పురుగుల్ని చంపి, ఆ తర్వాత గాలిలో కలిసిపోతుంది. ధాన్యానికి మంచిదైన ఈ గుణమే, ఆ బిళ్ల వల్ల ఒక మనిషి చనిపోయినప్పుడు దర్యాప్తుకు పెద్ద చిక్కు. ప్రాణం తీసిన విషం శాంపిల్ సీసాలో సులువుగా నిలవదు.

ఫాస్ఫీన్ రక్తంలోకి వెళ్తే కణాలు ఆక్సిజన్‌ను వాడుకోలేవు. గుండె త్వరగా దెబ్బతింటుంది. దీనికి ఇంతవరకూ విరుగుడు మందు లేదు.

పోస్ట్‌మార్టమ్‌లో వెల్లుల్లి వాసనో, కుళ్లిన చేపల వాసనో వస్తే డాక్టర్లకు అనుమానం వస్తుంది. నిజానికి స్వచ్ఛమైన ఫాస్ఫీన్‌కు వాసనే లేదు, ఆ వాసన అందులో కలిసిన మలినాలది. కాబట్టి వాసనను సాక్ష్యంగా తీసుకోలేం. పైగా ఆ గాలి పీల్చడం అక్కడ పనిచేసేవాళ్లకే ప్రమాదం.

ల్యాబ్‌లో పాత పద్ధతి ఒకటుంది. కడుపులోని పదార్థానికి కాస్త ఆమ్లం కలిపి, ఫ్లాస్కు మూతి దగ్గర సిల్వర్ నైట్రేట్‌లో తడిపిన కాగితం ఉంచుతారు. ఫాస్ఫీన్ తగిలితే కాగితం నల్లబడుతుంది. కానీ శవం కుళ్లేటప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా దాన్ని అలాగే నల్లబరుస్తుంది! మన ఎండలకు శవం ఎంత త్వరగా పాడవుతుందో తెలిసిందే. అందుకే పక్కనే లెడ్ ఎసిటేట్ కాగితం కూడా పెడతారు. సల్ఫైడ్ దాన్ని నల్లగా మారుస్తుంది, ఫాస్ఫీన్ మార్చదు. సిల్వర్ కాగితం ఒక్కటే నల్లబడితే ఫాస్ఫీన్‌ను అనుమానించాలి. రెండూ నల్లబడితే మాత్రం ఏమీ తేల్చలేం. నాకు ఈ పరీక్షలో నచ్చేది ఆ రెండో కాగితమే. అది లేకుండా ఇచ్చే రిపోర్టు ఒక కుటుంబాన్ని తప్పుదారి పట్టించగలదు.

ఖాయంగా తేల్చడానికి వాయువుల్ని విడదీసే గ్యాస్ క్రొమటోగ్రఫీ, అణువుల బరువును పట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. విచిత్రంగా అక్కడా ఈ రెండు వాయువులూ కవలల్లా ఎదురవుతాయి. రెండింటి అణుభారమూ 34. ఫాస్ఫరస్ 31, దానికి మూడు హైడ్రోజన్లు. సల్ఫర్ 32, దానికి రెండు. అయితే యంత్రం అణువును ముక్కలు చేసినప్పుడు ఫాస్ఫీన్ 31 దగ్గర ఒక గీత వదులుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఆ గీత ఉండదు. పైగా క్రొమటోగ్రఫీ గొట్టంలోంచి ఒక్కో వాయువు ఒక్కో సమయానికి బయటపడుతుంది.

ఇదంతా సాగాలంటే శాంపిల్‌ను వెంటనే గాలి చొరబడని సీసాలో మూసి, చల్లగా ఉంచి పంపాలి. సీసా మూత వదులైతే ఎంత ఖరీదైన యంత్రమైనా ఖాళీ గాలినే కొలుస్తుంది. అందువల్ల రిపోర్టులో ‘ఫాస్ఫీన్ కనబడలేదు’ అని వచ్చినంత మాత్రాన విషప్రయోగం జరగలేదని అర్థం కాదు.

వాయువు పోయినా ఒక దారి మిగులుతుంది. ఫాస్ఫీన్‌లో కొంత శరీరంలోనే ఫాస్ఫైట్, హైపోఫాస్ఫైట్ అనే ఫాస్ఫరస్ లవణాలుగా మారుతుంది. అవి ఆవిరైపోవు. ఆ శాంపిల్‌కు జింకు, ఆమ్లం కలిపితే అవి తిరిగి ఫాస్ఫీన్‌గా మారతాయి, యంత్రం మళ్లీ 31 దగ్గర వెతుకుతుంది.