పాత లాన్ మోవర్లు బాగుచేసి అమ్మడం: అపోహలు - వాస్తవాలు

మూలన పడేసిన లాన్ మోవర్లను, అంటే గడ్డి కోసే మిషన్లను కొని, ఇంటి దగ్గరే బాగుచేసి అమ్మడం నా పని. నేనూ మొదలుపెడతానంటూ వచ్చేవాళ్లలో కొందరు, ఇంజన్ మొత్తం విప్పి బిగించడం రావాలేమో అని భయపడతారు. ఇంకొందరు, ఏముంది, స్పార్క్ ప్లగ్ మార్చి అమ్మేయడమే కదా అంటారు. నిజానికి ఈ పనిలో డబ్బు మిగిలేదీ పోయేదీ మిషన్‌ను కొనేముందు చూసే ఆ పది నిమిషాల్లోనే. అందుకే ఎక్కువగా ఆ చూపు గురించే రాస్తున్నాను. ఇదంతా నాలుగు స్ట్రోకుల పెట్రోలు మోవర్ల సంగతి. బ్యాటరీవి వేరే లోకం.

అపోహ: స్టార్ట్ కాలేదంటే ఇంజన్ పోయినట్టే

చాలాసార్లు పాడైంది ఇంజన్ కాదు, పెట్రోలు. గడ్డి పెరిగే రోజులు అయిపోగానే ట్యాంకులో ఉన్నది ఉన్నట్టే వదిలేసి మిషన్‌ను మూల పెడతారు. నెల రోజులు దాటితే పెట్రోలు పాతబడటం మొదలవుతుంది. తేలిగ్గా ఆవిరయ్యే భాగం ఎగిరిపోయి, మిగిలింది జిగురులా మారి కార్బురేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపే భాగం) లోపల పెట్రోలును కొలతగా వదిలే జెట్‌లో గట్టిపడుతుంది. ఆ జెట్ రంధ్రం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే తేమను కూడా పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. కార్బురేటర్ కింద పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె విప్పితే అడుగున నీటి బొట్లు, వాటి చుట్టూ తెల్లటి పొడి కనిపించేది అందుకే.

నేను ముందు పాతది తీసేసి కొత్త పెట్రోలు పోస్తాను. తాడు ఏడెనిమిది సార్లు లాగి, ప్లగ్ విప్పి చూస్తాను. ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలు పైకి రావడం లేదు, కార్బురేటర్ చూడాలి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, స్పార్క్ (పెట్రోలును మండించే నిప్పురవ్వ) సంగతి చూడాలి. దీంతోనే సగం చిక్కు వీడిపోతుంది.

కార్బురేటర్ శుభ్రం చేయడమంటే పైపైన స్ప్రే కొట్టడం కాదు. జెట్ విప్పి, క్లీనర్ పట్టించి, రాగి వైరులోంచి తీసిన సన్నటి పోగు ఒకటి దూర్చి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. రంధ్రం గుండ్రంగా కనిపించాలి. డ్రిల్ బిట్ పెట్టి తిప్పితే మాత్రం రంధ్రం పెద్దదై జెట్ పనికిరాకుండా పోతుంది. తక్కువ వేగంలో పెట్రోలు ఇచ్చే చిన్న జెట్‌నీ, పెట్రోలులో గాలి కలిపే ఎమల్షన్ ట్యూబుకు పక్కన ఉండే రంధ్రాలనీ మొదట్లో నేను వదిలేసేవాణ్ని. ఇంజన్ స్టార్ట్ అయ్యేది కానీ, ఊపిరి అందనట్టు వేగం పెరుగుతూ తగ్గుతూ ఉండేది. ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ స్ప్రింగ్ మీద అనుమానంతో దాన్ని వంచి, లాగి ఒక సాయంత్రమంతా పాడుచేసుకున్నాను. తప్పు చిన్న జెట్‌లో ఉంది. గవర్నర్‌ను కదిపితే ఇంజన్ హద్దు దాటి తిరుగుతుంది కాబట్టి అది ఇంకా ప్రమాదం కూడా.

అపోహ: స్పార్క్ రాకపోతే కాయిల్ మార్చాలి

స్పార్క్‌కు కావాల్సిన కరెంటు ఇచ్చే కాయిల్ నుంచి ఒక సన్నటి వైరు వస్తుంది. హ్యాండిల్ లివర్ వదలగానే ఆ వైరు ఎర్త్ అయి ఇంజన్ ఆగుతుంది. ఆ వైరు తొడుగు ఎక్కడైనా ఒరుసుకుపోయి బాడీకి తగులుతుంటే లివర్ ఎంత గట్టిగా పట్టుకున్నా స్పార్క్ రాదు. అందుకే వైరు విడదీసి, స్పార్క్ టెస్టర్ పెట్టి తాడు లాగి చూస్తాను. స్పార్క్ వస్తే కాయిల్ మంచిదే, వైరు చూసుకోవాలి. అయితే వైరు తీసి ఉండగా ఇంజన్‌ను స్టార్ట్ చేయకూడదు, లివర్ వదిలినా స్పార్క్ ఆగదు. కాయిల్‌కూ ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) అయస్కాంతానికీ మధ్య గ్యాప్ చాలా చిన్న ఇంజన్లలో 0.25 నుంచి 0.35 మి.మీ. ఉంటుంది. విజిటింగ్ కార్డు దూర్చి సరిచేసేవాళ్లున్నారు, నేనూ అంతే.

అపోహ: రాయికి తగిలి ఆగిన మిషన్‌కు బ్లేడు మారిస్తే చాలు

నేను ఎక్కువ నష్టపోయింది ఇక్కడే. ఫ్లైవీల్‌ను క్రాంక్ షాఫ్ట్ (ఇంజన్ తిప్పే కడ్డీ, దీని కింది కొసకే బ్లేడు ఉంటుంది) మీద సరైన చోట నిలబెట్టేది కీ అనే చిన్న లోహపు ముక్క. బ్లేడు రాయికో మొద్దుకో గట్టిగా తగిలితే షాఫ్ట్ టక్కున ఆగుతుంది. బరువైన ఫ్లైవీల్ మాత్రం ఆ ఊపులో ఇంకా తిరగబోతుంది. మధ్యలో ఉన్న కీ నలిగిపోతుంది. ఫ్లైవీల్ కొద్దిగా పక్కకు జరిగినా టైమింగ్, అంటే స్పార్క్ రావాల్సిన సమయం తప్పుతుంది. అప్పుడు స్పార్క్ ఉంటుంది, పెట్రోలు వస్తుంది, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) ఉంటుంది, అయినా స్టార్ట్ కాదు. లేదా సైలెన్సర్‌లో టప్పుమని పేలుతుంది, తాడు వేళ్లలోంచి వెనక్కి లాక్కుంటుంది. కీ మార్చడం చిన్న పని. కార్బురేటర్‌ను మూడుసార్లు కడిగాక కీ సంగతి గుర్తొస్తే మాత్రం చిరాకేస్తుంది.

షాఫ్టే వంగితే ఆ మిషన్ నాకు అక్కర్లేదు. కొనేముందు ప్లగ్ వైరు తీసి, ప్లగ్ విప్పి, మిషన్‌ను వెనక్కి ఎత్తి, ఇంకొకరిని తాడు నెమ్మదిగా లాగమంటాను. బ్లేడు మధ్యనున్న బోల్టు తల ఒకేచోట తిరగాలి. అటూ ఇటూ ఊగితే షాఫ్ట్ వంగినట్టే. సుత్తితో కొట్టి సరిచేశామనే మాట విన్నాను. 21 అంగుళాల బ్లేడు నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే దాని కొస వేగం గంటకు 300 కిలోమీటర్లు. సుత్తి దెబ్బలకు పగులు వచ్చి ఉండగల షాఫ్ట్‌కు అలాంటి బ్లేడు బిగించి ఇంకొకరి చేతికివ్వడం నా వల్ల కాదు. చక్రాలు, కార్బురేటర్, కాయిల్ కోసమైతే తీసుకుంటాను, అదీ ఆ విడిభాగాల ధరకే.

అపోహ: పొగ కమ్మేసిందంటే రింగులు పోయినట్టే

అమ్మేవాళ్లు మిషన్‌ను ఎటుపడితే అటు పడుకోబెట్టి తెస్తారు. ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకీ కార్బురేటర్‌లోకీ పోతుంది. ఫిల్టర్ మార్చి, ఆయిల్ మట్టం సరిచేసి నడిపితే కాసేపటికి పొగ ఆగిపోతుంది. ఆగకపోతే అప్పుడు రింగుల (ఆయిల్ పైకి రాకుండా పిస్టన్ చుట్టూ ఉండేవి) మాట. వంచాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్ పైవైపు ఉండేలా వంచండి. ఇంకో మాట: చాలా ఇంజన్లలో తాడు తేలిగ్గా లాగడం కోసం స్టార్టింగ్ అప్పుడు కంప్రెషన్ కొంత వదిలేసే ఏర్పాటు ఉంటుంది. గేజీలో అంకె తక్కువ వచ్చిందని కంగారుపడకండి.

అపోహ: పావుగంట నడిచి ఆగిపోతే ఇంజన్ వేడెక్కుతోంది

ముందు ట్యాంకు మూత వదులు చేసి చూడండి. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే పెట్రోలు దిగదు. మూత మారిస్తే సరి.

అపోహ: బ్లేడు ఎంత పదునుంటే అంత మంచిది

గడ్డం గీసుకునేంత పదును పెడితే అంచు వెంటనే మడతపడుతుంది. సుమారు 30 డిగ్రీల వాలు చాలు. పదును కంటే బ్యాలెన్స్ ముఖ్యం. బ్లేడు మధ్య రంధ్రాన్ని గోడకు కొట్టిన మేకుకు తగిలిస్తే ఏ వైపూ కిందికి వాలకూడదు.

అపోహ: లివర్ కట్టేసి ఉంటే కొనేవాళ్లకు సుఖం

హ్యాండిల్ లివర్‌ను తాడుతో కట్టేసిన మిషన్లు నా దగ్గరికి చాలానే వస్తాయి. చేయి వదలగానే 3 సెకన్లలో బ్లేడు ఆగాలన్న నియమం అమెరికాలో 1982 నుంచి ఉంది. కాలు జారిన మనిషి పాదం బ్లేడు కిందికి పోకుండా కాపాడేది అదే. కేబుల్ సాగినా, బ్రేక్ ప్యాడ్ అరిగినా మార్చే అమ్ముతాను. "అలాగే ఇచ్చేయండి, నేను చూసుకుంటా" అనేవాళ్లకు అమ్మను.

అపోహ: ఇంటి పనే కదా, గదిలో చేసుకోవచ్చు

విప్పడం, కడగడం ఎక్కడైనా చేయండి, పొయ్యికీ నిప్పుకీ దూరంగా. ఇంజన్ స్టార్ట్ చేయడం మాత్రం ఆరుబయటే. తలుపు తీసి ఉంచినా షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన ఉండదు.

అపోహ: కొనేవాళ్లు వచ్చేలోపు ఒకసారి నడిపి ఉంచితే మంచిది

నేనూ మొదట్లో అలాగే చేసేవాణ్ని, ఒక్క లాగుకే స్టార్ట్ అవ్వాలని. ఒకాయన వచ్చీ రాగానే సైలెన్సర్ దగ్గర చేయి పెట్టి, వేడిగా ఉండటం చూసి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయారు. అప్పటినుంచి మిషన్‌ను ముందురోజు రాత్రే బయటి వరండాలో పెడతాను. తాడు కొనేవాళ్ల చేతికే ఇస్తాను. మార్చిన సామాన్ల జాబితా చీటీ మీద రాసి హ్యాండిల్‌కు కడతాను. రంగు వేయను. తుప్పుకు కొత్త రంగు కనిపిస్తే, దాని కింద ఏం దాచారో అనే అనుమానం నాకే వస్తుంది.