వానాకాలం గాలి లెక్క: విజయవాడ ధూళి అంకెల వెనక కథ

ముసురు పట్టిన రోజు విజయవాడలో కాలుష్య నియంత్రణ మండలి యంత్రం గాలి బాగుందని చూపిస్తుంటే, అపార్ట్‌మెంట్ బాల్కనీలోని చిన్న సెన్సర్ ఎరుపు రంగులోకి వెళ్లిపోవచ్చు. ఏది నమ్మాలో తెలియక జనానికి టెన్షన్. ఈ తేడా ఎందుకొస్తుందో తెలియాలంటే ధూళిని కొలిచే పద్ధతులు ఎలా మారాయో చూడాలి.

1981లో వాయు కాలుష్య నివారణ చట్టం వచ్చింది. మొదట్లో గాలిలో తేలే మొత్తం ధూళినే లెక్కగట్టేవారు. 1994లో పీఎం 10కి, అంటే ముతకదీ సన్నదీ కలిపి 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) లోపు రేణువులకు, 2009లో పీఎం 2.5కి, అంటే 2.5 మైక్రాన్ల లోపు సన్న రేణువులకు ప్రమాణాలు పెట్టారు. తొలి యంత్రం హై వాల్యూమ్ శాంప్లర్. చిన్న చూరు కింద తెల్లటి ఫిల్టర్ కాగితం, దాని గుండా నిమిషానికి వెయ్యి లీటర్లకు పైగా గాలి లాగే మోటారు. కాగితాన్ని ముందూ తర్వాతా తూచి, పెరిగిన బరువే ధూళి అనుకోవాలి. వానాకాలంలో చిక్కంతా ఇక్కడే. కాగితం చెమ్మ పీల్చిందంటే ఆ నీరూ ధూళి ఖాతాలో పడుతుంది. అందుకే రెండుసార్లూ దాన్ని తేమ అదుపులో ఉన్న చోట ఆరబెట్టాకే తూచాలి. పైగా ఈ కొలత వారానికి రెండు రోజులే, ఏడాదికి 104. ఆ రెండు రోజులూ జడివాన కురిస్తే వారమంతా శుభ్రంగా ఉన్నట్టే రికార్డవుతుంది.

తర్వాత వచ్చిన, గాలిని నిరంతరం కొలిచే కేంద్రాల్లోని బీటా కిరణాల యంత్రం లోపలికొచ్చే గాలిని వేడిచేసి, చెమ్మ తగ్గించి, గంటగంటకూ కొలుస్తుంది. చౌక సెన్సర్లలో చాలావాటికి ఆ హీటర్ ఉండదు. తేమ 80 శాతం దాటితే సల్ఫేట్, నైట్రేట్ రేణువులు నీరు పట్టి ఉబ్బుతాయి, సెన్సర్‌లోని లేజర్ కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. అంకె ఎగబాకుతుంది.

వాన గాలిని కడుగుతుందన్నది నిజమే, కానీ ముతక ధూళిని కడిగినంతగా సన్నదాన్ని కడగదు. ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగేది ఆ సన్నదే. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి. నగరాల పురోగతిని అక్కడ ప్రధానంగా పీఎం 10తోనే చూస్తున్నారు. విజయవాడకు 15వ ఆర్థిక సంఘం నిధులు కూడా ఈ పురోగతితో ముడిపడ్డాయి. అంటే వాన బాగా పడ్డ ఏడాది వార్షిక సగటు దానంతటదే తగ్గొచ్చు, ఆ ఘనత మాత్రం నగరపాలక సంస్థ ఖాతాలోకి పోవచ్చు. నాకు అభ్యంతరం ఇక్కడే.

వానాకాలమంతా ఒకే తీరుగా ఉండదు కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తాక విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో పేరుకున్న ఒండ్రును ఫైరింజన్లతో కడగాల్సి వచ్చింది. అలాంటి బురద వీధుల్లో మిగిలితే, రెండు రోజులు ఎండ కాసేసరికి బండ్ల చక్రాల కింద నలిగి మళ్లీ ధూళిగా లేస్తుంది. అందుకే జూన్ నుంచి నవంబరు దాకా అంకెలను విడిగా, ఆ రోజు వర్షపాతం పక్కనే వేసి, పీఎం 2.5తో సహా ప్రకటించాలి.